దర్శకురాలి కుర్చీ



రాజమహేంద్రవరము వైపునుండి వచ్చుచు జొన్నాడ వద్ద గౌతమిని దాటిన బాటసారికి మొట్టమొదట ఎదురగు పట్టణము రావులపాలెము. అరటి గెలల విపణికి పేరుమోసిన ఈ ఊరు తెలుగు చలనచిత్ర చరిత్రలో మరియొక కారణమునను స్మరింపదగియున్నది. 1964 జనవరి 11వ తేదీన ఇక్కడ జన్మించిన బి. జయగారు, పత్రికా రచయిత్రిగా కలము పట్టి, సినిమా విలేఖరిగా ఆ పరిశ్రమ లోతుపాతులను ఆకళించుకొని, ఆపై తానే కథను అల్లి, చిత్రానువాదము సమకూర్చి, దర్శకత్వము వహించి, 2018 ఆగస్టు 30వ తేదీన పరమపదించునాటికి తెలుగు తెరపై తనదైన స్థానమును సంపాదించుకొనిన మహిళ. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములనుండి కవులు, పండితులు, నటులు, రాజకీయవేత్తలు పెక్కురు వెలువడిరి. వారినిగూర్చిన ముచ్చట్లు ఈ కోనసీమలో అరుగు అరుగుననూ వినవచ్చును. ఆ ముచ్చట్ల నడుమ జయగారి పేరు ఎంత అరుదుగా వినవచ్చునో ఆలోచించినప్పుడు, ఆమె నడచిన త్రోవను ఈనాడు కొంత తీరికగా పరిశీలింపవలెననిపించినది.

కేవలము ప్రశంస ఈ ప్రసంగమునకు ప్రయోజనము కాదు. ఆమె చరిత్ర మనముందు ఒక ప్రశ్నను నిలుపుచున్నది. 1932లో 'భక్త ప్రహ్లాద'తో మాటలు నేర్చిన తెలుగు చలనచిత్రమునకు ఏనాడును నటీమణుల కొరత కలుగలేదు; గాయనీమణుల కొరత కలుగలేదు; నవలలు వ్రాసి చిత్రములకు కథలిచ్చిన రచయిత్రుల కొరతయు కలుగలేదు. అట్టి రంగమున దర్శకత్వపు కుర్చీలో కూర్చుండిన స్త్రీలను మాత్రము వ్రేళ్లపై లెక్కించుకొనవలసివచ్చుట ఏల? స్త్రీకి సాంకేతిక జ్ఞానము పట్టువడదనియు, నూరుమందిని శాసించి పనిచేయించుకొను చొరవ ఆమెకు ఉండదనియు వెనుకటివారు చెప్పిన సమాధానములు, అవకాశము దొరికిన ప్రతి పర్యాయమును అబద్ధములని తేలినవి. అసలు సమాధానము వేరొకచోట ఉన్నదని నా అభిప్రాయము.

కవి కాగితముపై వ్రాయును, కాగితము చవుక. చిత్రకారుడు వస్త్రముపై వ్రాయును. ఆ వస్త్రమును అప్పుచేసియైనను తెచ్చుకొనవచ్చును. చలనచిత్ర దర్శకుడట్లు కాదు. అతడు వ్రాయునది ఇతరుల ధనముతో. నటీనటుల పారితోషికము, కెమెరా అద్దె, సెట్టింగుల వ్యయము, నూర్లమంది భోజనములు, రీరికార్డింగు, ప్రచారము, ఇవి అన్నియు ముగిసినపిదపగాని ఆ కళాఖండము లోకమునకు కనిపింపదు. కావున దర్శకత్వము ఒకరికి దక్కుటయనగా, ధనవంతుడు తన ధనమును మరియొకరి ఊహను నమ్మి అప్పగించుటయే. ఆ నమ్మకము మన దేశమున చిరకాలము పురుషునికి మాత్రమే లభించినది. దానిని పొందిన స్త్రీలలో మొదటివారిని పరికించినచో, వారికి ఆ నమ్మకమును పరులెవ్వరును దానము చేయలేదనియు, ధనపు పెట్టెయొక్క తాళపుచెవులలో ఒకటి వారి ఇంటనే ఉండుటవలన అది వారికి సాధ్యపడినదనియు స్పష్టమగును.

తెలుగున ఈ మార్గమునకు ఆద్యురాలు భానుమతీ రామకృష్ణగారు. ఒంగోలు సమీపమునగల దొడ్డవరమున పుట్టి, తండ్రియొద్ద సంగీతము నేర్చి, కాకినాడకు చెందిన సి. పుల్లయ్యగారి దర్శకత్వమున 1939లో వెలువడిన 'వరవిక్రయము'లో కాళిందిగా ఆమె తెరకు పరిచయమాయెను. కట్నమునకు అమ్ముడుపోయిన వరుని భార్యగా బ్రతుకుటకంటె చావు మేలని తలంచిన ఆ కన్య పాత్రను ధరించునాటికి ఆమె ఇంకను బాలికయే. 1943లో పి. ఎస్. రామకృష్ణారావుగారిని వివాహమాడి, నటనకు స్వస్తిచెప్పదలచియు, 1945లో 'స్వర్గసీమ'తో మరల వచ్చి, పిమ్మట భర్తతో కలసి కుమారుని పేర భరణీ పిక్చర్సు సంస్థను స్థాపించెను. 'రత్నమాల', 'లైలామజ్నూ' మున్నగు చిత్రములు ఆ పతాకము క్రిందనే వెలువడినవి.

1953లో 'చండీరాణి' వచ్చినది. దానిని తెలుగు, తమిళము, హిందీ, ఈ మూడు భాషలలో ఒక్కమారుగా నిర్మించుటయే ఒక సాహసము. ఆ మూడింటికిని దర్శకత్వము వహించుచు, రెండు భూమికలను తానే ధరించి, తన పాటలను తానే పాడుకొనుట అంతకుమించిన సాహసము. నందమూరి తారక రామారావుగారు, ఎస్. వి. రంగారావుగారు అందలి ఇతర పాత్రధారులు. సంగీత దర్శకుడు సి. ఆర్. సుబ్బరామన్ గారు నడుమనే దివంగతులు కాగా, మిగిలిన పనిని ఎం. ఎస్. విశ్వనాథన్ గారు పూర్తిచేసిరి. ఒకే సన్నివేశమును మూడు భాషల ఉచ్చారణలతో, మూడు ప్రాంతముల ప్రేక్షకుల అభిరుచులకు తగినట్లు చిత్రించుచు, మరునిమిషము కెమెరా ముందునకు పోయి ద్విపాత్రాభినయము చేసిన ఆ స్త్రీకి అప్పటికి ముప్పది యేండ్లు నిండలేదు. ఇందులో ప్రతిభ ఎంతయో చెప్పనవసరము లేదు. కాని ఆ ప్రతిభయే అన్యుల సంస్థలో జీతమునకు పనిచేయు నటీమణియందు ఉండినచో, ఆమెకు దర్శకత్వము అప్పగించుటకు ఆనాడు ఏ నిర్మాత సాహసించియుండును? సంస్థ తమదైనందువలన ఆమె ఎవ్వరిని ప్రాధేయపడవలసిన పని లేకపోయినది.

ఆమెకు రెండవ బలము కలము. 'అత్తగారి కథలు' వ్రాసి తెలుగు హాస్యమునకు ఒక చిరస్మరణీయమైన పాత్రను ప్రసాదించిన రచయిత్రి ఆమె. 'నాలో నేను' అను ఆత్మకథ జాతీయ పురస్కారమును పొందినది. సన్నివేశమును కంటితో చూచుటకు ముందు వాక్యములో చూడగల నేర్పు ఆమెకు కలదు. అందువలననే 'అంతా మన మంచికే', 'అమ్మాయి పెళ్ళి', బాలనటులతో తీర్చిన 'భక్త ధ్రువ మార్కండేయ' మున్నగు చిత్రములవరకు దశాబ్దములు గడచినను ఆమె దర్శకత్వము ఒక ముచ్చటగా ముగిసిపోక, వృత్తిగా నిలిచినది.

సావిత్రిగారి అనుభవము ఇందుకు భిన్నమైనది. 1968లో 'చిన్నారి పాపలు' చిత్రమునకు ఆమె దర్శకత్వము వహించినది. నిర్మాణమున అనేక శాఖలను స్త్రీలే నిర్వహింపగా, పి. లీలగారు సంగీతము సమకూర్చిరి. సంకల్పము ఉదాత్తమైనది, ఫలితము ధనరూపమున అనుకూలింపలేదు. పురుషుడు తీసిన చిత్రము నష్టపడినచో ఆ నష్టము ఆ చిత్రముతో పోవును. స్త్రీ తీసినది నష్టపడినచో దానిని స్త్రీజాతి కంతటికిని లెక్కకట్టుదురు. ఈ అన్యాయపు గణితమే తరువాతి వారిని చాలకాలము వెనుకకు లాగినది.

విజయనిర్మలగారి కథకు మన సీమతో ఒక సంబంధము కలదు. బాపుగారు 1967లో రూపొందించిన 'సాక్షి' చిత్రమును, రంగుల హంగులు లేక, ఆత్రేయపురము సమీపమునగల పులిదిండి గ్రామమున చిత్రించిరి. కృష్ణగారు, విజయనిర్మలగారు అందులో నాయికానాయకులు. గోదావరి గట్టున, పల్లెటూరి జనము నడుమ జరిగిన ఆ చిత్రణము వారిరువురికిని జీవితకాలపు సహవాసమునకు నాంది పలికినది. పిమ్మట ఆమె 1973లో మలయాళమున 'కవిత'కు, అనంతరము యద్దనపూడి సులోచనారాణిగారి నవల ఆధారముగా తెలుగున 'మీన'కు దర్శకత్వము వహించి, 44 చిత్రములకు దర్శకురాలైన మహిళగా 2002లో గిన్నిస్ గ్రంథమున పేరు నమోదు చేసికొనెను. ఇక్కడను అదియే సూత్రము: విజయకృష్ణా మూవీస్ పతాకము తమ ఇంటిది, సుప్రసిద్ధ కథానాయకుడు ఆమె భర్త. ఈ మాట ఆమె కీర్తిని తగ్గించుటకు అనుట లేదు. ద్వారము తెరచుకొనుట వేరు, ఆ ద్వారమునుండి నలువది నాలుగు పర్యాయములు నిబ్బరముగా నడచుట వేరు; రెండవది ఆమె స్వయంకృషియే.

ఈ పరంపరలో జయగారి స్థానము విలక్షణము. భానుమతిగారికి, సావిత్రిగారికి, విజయనిర్మలగారికి తెరపై ముఖము ముందు, దర్శకత్వము వెనుక. ప్రేక్షకులెరిగిన ముఖము నిర్మాతకు కొంత ధైర్యమిచ్చును. జయగారికి ఆ ముఖపరిచయము లేదు. ఆమె ఆంధ్రజ్యోతి, జ్యోతిచిత్ర పత్రికలలో విలేఖరిగా పనిచేసి, భర్త బి. ఎ. రాజుగారితో కలసి 'సూపర్‌హిట్' సినిమా పత్రికను నడిపినది. సినిమా పత్రికారచనను గంభీర సాహిత్యకారులు చిన్నచూపు చూతురు గాని, దర్శకత్వమునకు అంతకంటె మంచి పాఠశాల అరుదు. విలేఖరి షూటింగు స్థలమున నిలుచుండి, ఒక సన్నివేశము ఏల చెడినదో ప్రత్యక్షముగా చూచును. ప్రివ్యూలో కూర్చుండి ఏ రీలులో జనము కదలుచున్నదో గమనించును. పంపిణీదారుని లెక్కలు, నిర్మాత నిట్టూర్పులు, కథానాయకుని అలకలు, అన్నియు వినును. ఇన్ని వినియు మూడు పేరాలలో ముఖ్యవిషయమును చెప్పవలసిన నిర్బంధము విలేఖరికి కలదు; చిత్రానువాదమునకు ప్రాణమైన సంక్షేపశక్తి ఆ నిర్బంధముననే అలవడును.

2003లో 'చంటిగాడు' విడుదలయ్యెను. 'లిటిల్ సోల్జర్స్' చిత్రమున బాలనటుడుగా మెప్పించిన బాలాదిత్య అందులో కథానాయకుడు, సుహాసిని నాయిక. 2005లో 'ప్రేమికులు', 2007లో హాస్యనటుడు అలీ నాయకుడుగా 'గుండమ్మగారి మనవడు' వచ్చినవి. 2012 మార్చి నెలలో, తమ ఆర్. జె. సినిమాస్ పతాకమున, ఆది, శాన్వి జంటగా, రాజేంద్రప్రసాద్ గారి సహకారముతో, అనూప్ రూబెన్స్ సంగీతముతో వెలువడిన 'లవ్లీ' ఆమె పేరును యువజనులలో వ్యాపింపజేసినది. 2017లో వచ్చిన 'వైశాఖం'లో ఒక అపార్టుమెంటునందలి కుటుంబములను కథావస్తువుగా స్వీకరించి, గోడకు గోడ తగులుచున్నను మనిషికి మనిషి తగులని నగరపు కాపురములలో ఇరుగుపొరుగు మమకారమును వెదకినది. అదియే ఆమె చివరి చిత్రము.

ఈ జాబితాను విన్న విమర్శకుడొకడు, "ఇవన్నియు సరదా ప్రేమకథలు గదా, ఇందులో స్త్రీసమస్య ఏది, సంఘసంస్కరణ ఏది?" అని ప్రశ్నింపవచ్చును. ఈ ప్రశ్నలోనే ఒక పక్షపాతము దాగియున్నది. ప్రతి సంవత్సరము పురుషులు తీయు వినోదచిత్రములు నూర్లకొలది వచ్చిపోవుచుండ, వారిలో ఎవ్వనిని మనము పురుషసమస్యను ఏల చర్చింపలేదని నిలదీయము. స్త్రీ మాత్రము కెమెరా పట్టినచో, ఏదో మహోద్దేశమును రుజువుచేసికొనినగాని అందుకు అర్హురాలు కాదనుట న్యాయము కాదు. నలుగురు కూర్చుండి నవ్వుకొనదగిన చిత్రమును తీయుట, కొత్త ముఖములను నమ్మి వారిని నిలబెట్టుట, పెట్టిన సొమ్ము తిరిగి రాబట్టుకొనుటకై పాటుపడుట, ఇవి వృత్తి ధర్మములు. ఆ వృత్తిలో సామాన్యురాలుగా పనిచేసికొను హక్కు స్త్రీకి కలిగినదని జయగారి చిత్రములు చాటినవి. అసామాన్యురాండ్రకు మాత్రమే తెరచుకొను తలుపు ఇంకను తెరచుకొనిన తలుపు కాదు గదా!

అయినను మొదటి ప్రశ్న తీరలేదు. 'లవ్లీ' కాని, 'వైశాఖం' కాని తమ పతాకమున తీసికొనినవే. 1953 నుండి 2017 వరకు, అరువదినాలుగు సంవత్సరముల కాలమున, యంత్రములు మారినవి, నలుపు తెలుపులు రంగులైనవి, ఫిలిము పోయి డిజిటల్ వచ్చినది. స్త్రీకి దర్శకత్వము మాత్రము స్వగృహ సంస్థద్వారముననే ఎక్కువగా లభించుచు వచ్చినది. 2011లో 'అలా మొదలైంది'తో బి. వి. నందినీరెడ్డిగారు, దామోదరప్రసాదుగారివంటి బయటి నిర్మాత విశ్వాసమును పొంది విజయము సాధించుట ఈ నియమమునకు గట్టి మినహాయింపు. అట్టివి పెరుగవలెను.

ప్రతిభ లేక కాదు, దానిని మళ్లించు ఏర్పాటు లేక అని నేననుటకు మన సీమయే సాక్ష్యము. గోదావరి ఆదికాలమునుండి ప్రవహించుచునే యున్నది. కాని 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై, కాలువలు, లాకులు, బోదెలు ఏర్పడువరకు ఆ నీరు ఏటేట సముద్రము పాలగుచుండెను. ఆనకట్ట నీటిని పుట్టింపలేదు. ఉన్న నీటిని చేనిదాక చేర్చినది. కళారంగమున అట్టి ఆనకట్టకు పేరు ప్రజాసంస్థ. ఆకాశవాణియే అందుకు నిదర్శనము. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము వెలసినపిదప, ఏ పెట్టుబడియు లేని గృహిణులు కథలు చదివిరి, నాటికలు వ్రాసిరి, ప్రసంగములు చేసిరి. మైకు ముందు కూర్చుండుటకు సొంత సంస్థ ఉండవలెనని వారిని ఎవ్వరును అడుగలేదు.

చలనచిత్రమునకు అట్టి ఏర్పాటు జరిగినచోట ఏమి పండునో లోకమున చూడవచ్చును. కెనడా దేశమున అబెనాకి అను ఆదివాసీ జాతికి చెందిన అలానిస్ ఒబోంసావిన్ అను మహిళ, ఆ ప్రభుత్వపు జాతీయ చలనచిత్ర మండలిలో 1967లో ప్రవేశించి, 1971లో తన తొలి లఘుచిత్రమును తీసి, దశాబ్దములపర్యంతము దర్శకురాలుగా, రచయిత్రిగా పనిచేసినది. 1990లో మొహాక్ ప్రజల భూమికై జరిగిన ప్రతిఘటన 78 దినములు సాగగా, సైనికవలయపు లోపల కెమెరాతో నిలిచి ఆమె చిత్రించిన కథనము 1993లో వెలువడినది. ఆమె పేదజాతి బిడ్డ. ఇంటనే ధనపు పెట్టె ఉన్నది కాదు. న్యూజీలాండునందు మావోరీ స్త్రీ మెరాటా మీటా 1983లో 'పటూ!' అను డాక్యుమెంటరీని, 1988లో 'మౌరి' అను కథాచిత్రమును తానే వ్రాసి తీసినది. మన దక్షిణముననే, కేరళలోని వయనాడులో, పణియ తెగకు చెందిన లీలా సంతోష్ అను యువతి, కె. జె. బేబీగారు నడిపిన 'కనవు' విద్యాలయమున చదువుకొని, తన జనుల భూములనుగూర్చి డాక్యుమెంటరీ తీసి, ఆ రాష్ట్రపు ఆదివాసీ స్త్రీలలో తొలి దర్శకురాలుగా గుర్తింపు పొందినది. ఒబోంసావిన్ గారికి ప్రభుత్వ మండలి, లీలా సంతోష్‌కు ఆదర్శ విద్యాలయము. ఈ ఇరువురికిని ఆధారము ఇంటి వెలుపలినుండి లభించినదే.

ఇక మనవైపు దృష్టి సారింతము. మనకు నీరిచ్చు గోదావరి పాపికొండలలోనుండి, కోయల, కొండరెడ్ల గూడెముల ప్రక్కనుండి ప్రవహించి వచ్చుచున్నది. తెలుగు తెరపై వారి స్త్రీలు ఎన్ని పర్యాయములు కనిపించిరో! నెత్తిన ఈకలు, మెడలో పూసలు, చేత విల్లంబులు, నోట ఎవ్వరు మాటలాడని ఒక యాస, నాయకుని చూచినంతనే మొదలగు నృత్యము, ఇదియంతయు ఆ గూడెములను చూడనివారు మదరాసు, హైదరాబాదు సెట్టింగులలో కల్పించినది. పోడు వ్యవసాయపు కష్టమును, ముంపు గ్రామముల వలసను, కొండజాతరల లోపలి భక్తిని ఒక కోయ వనిత తానే కథగా వ్రాసి తానే కెమెరాతో చెప్పినచో, ఆ చిత్రము మనము ఇదివరకు చూచిన దేనికిని పోలికగా ఉండదు. కాని ఆమెకు భరణీ పిక్చర్సు లేదు, విజయకృష్ణా లేదు, ఆర్. జె. సినిమాస్ లేదు. భానుమతిగారు, జయగారు తెరచుకొనిన మార్గము ఆమెకు ఉపయోగపడదు; ఆమెకై వేరు మార్గము వేయవలసియున్నది.

ఆ మార్గము వేయుట అసాధ్యము కాదు. నేటి కెమెరా వెల ఒకనాటి కెమెరా వెలలో స్వల్పభాగము. ఎడిటింగు ఇంటి కంప్యూటరుపై సాగుచున్నది. అమలాపురపు కళాశాలలు, రంపచోడవరపు ఆశ్రమ పాఠశాలలు చిత్రానువాద రచనను, కెమెరా ప్రయోగమును బాలికలకు నేర్పవచ్చును. కొబ్బరి, రొయ్యల వ్యాపారములందు ఆర్జించి దేవాలయములకు గోపురములు కట్టించుచున్న మన సీమ ధనికులు, ఏటికొక లఘుచిత్రమునకు, ఒక అపరిచిత బాలిక ఊహను నమ్మి, ఖర్చు భరింపవచ్చును. ప్రభుత్వము పురస్కారములకు వెచ్చించునట్లే, చిత్రము పుట్టకమునుపు ఇచ్చు సహాయమునకును వెచ్చింపవచ్చును. చిత్రము పూర్తియైనపిదప దుశ్శాలువ కప్పుట సులభము. పూర్తికాకమునుపు సొమ్ము అప్పగించుటలోనే నమ్మకము కలదు.

రావులపాలెము నుండి బయలుదేరిన ఒక స్త్రీ, నటిగా ముఖపరిచయము లేకయే, కలమునే ఆధారముగా గొని దర్శకత్వపు కుర్చీని అందుకొనినది. ఆమెను స్మరించుకొనుటకు ఈ ఊరిలో ఒక చిత్రపటము ఆవిష్కరింపవచ్చును, ఒక సభ జరుపవచ్చును. అవి జరుగుట మంచిదే. కాని తన సొమ్ము కాక పరుల సొమ్ముతో, తన ఇంటి పతాకమున కాక బయటివారి నమ్మకముతో చిత్రము తీయగలిగిన మరియొక కోనసీమ బాలికను, మరియొక మన్యపు బాలికను తయారుచేసినప్పుడు మాత్రమే జయగారి ఋణము మనము తీర్చుకొనినవారమగుదుము.